నిఘాకు అనుమతి: సంతకం ఎవరి చేతిలో ఉంటే మేలు?

ఒక ఫోన్ ట్యాప్ చేయాలన్నా, ఎవరు ఎవరికి ఎప్పుడు కాల్ చేశారో చెప్పే కాల్ డేటాను టెలికాం కంపెనీ నుంచి తెప్పించుకోవాలన్నా దర్యాప్తు అధికారికి ఎక్కడో ఒక సంతకం కావాలి. ఆ సంతకం ప్రభుత్వ అధికారి పెట్టాలా, జడ్జి పెట్టాలా అన్నదాని మీదే వాదనలన్నీ నడుస్తుంటాయి. నా దృష్టిలో అది సగం ప్రశ్నే. సంతకం పెట్టే మనిషి ముందుకు రోజుకు ఎన్ని ఫైళ్లు వస్తున్నాయి? వాటిని ముందుగా చదివి పెట్టే టీమ్ ఎవరి కింద పనిచేస్తోంది? ఆ టీమ్ కొర్రీ వేసి ఫైల్ వెనక్కి పంపితే ఏమవుతుంది? మిగతా సగం ఇక్కడుంది.

మూడు పద్ధతులు పక్కపక్కన పెట్టి చూద్దాం. మన దేశంలోలాగా ప్రభుత్వ కార్యదర్శి అనుమతివ్వడం ఒకటి. అమెరికాలోలాగా కోర్టు ఇవ్వడం రెండోది. బ్రిటన్ 2019 నుంచి కాల్ డేటా కోసం నడుపుతున్నట్టు, ఇదే పనిగా ఉండే విడి ఆఫీసు మూడోది.

మన పద్ధతికి మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. ట్యాపింగ్‌కు జడ్జి ముందస్తు అనుమతి ఉండాలన్న వాదనను 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, కానీ హోం కార్యదర్శి స్థాయి వాళ్లే ఆదేశం ఇవ్వాలని, ఆ ఆదేశాలను ఒక సమీక్షా కమిటీ చూడాలని చెప్పింది. 2007లో అవి టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఎ నిబంధనగా వచ్చాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2024 డిసెంబర్‌లో కొత్త నిబంధనలు తెచ్చినా చట్రం పెద్దగా మారలేదు. కేంద్రంలో కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రంలో రాష్ట్ర హోం కార్యదర్శి. ఆదేశం 60 రోజులు చెల్లుతుంది, పొడిగించుకుంటూ పోయినా 180 రోజులు దాటకూడదు.

కాగితం మీద ఇందులో ఒక మంచి ఉంది. బాధ్యత ఎవరిదో స్పష్టం. అంత పెద్ద అధికారి పేరు మీద ఆదేశం వెళ్తుంది కాబట్టి కింది ఆఫీసర్ ఇష్టమొచ్చినట్టు ట్యాపింగ్ పెట్టుకునే వీలు ఉండకూడదు. తేడా అంతా లెక్క దగ్గర వస్తుంది. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ఆధారంగా, కేంద్రం నుంచే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఆదేశాలు వెళ్తున్నాయని 2018లో వ్యక్తిగత డేటా రక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసింది. సమీక్షా కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది, అంటే ఒక్కో సమావేశానికి 15,000 నుంచి 18,000 ఆదేశాలు. ఆ కమిటీలో ఉండేది కేబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ, టెలికాం శాఖల కార్యదర్శులు. ముగ్గురూ వేరే పని ఏదీ పెట్టుకోకుండా ఎనిమిది గంటలు కూర్చున్నారనుకున్నా, ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లు కూడా రావు. వాళ్లు ఎంత నిజాయితీపరులైనా సరే, రెండు సెకన్లలో చేయగలిగింది మమ అనిపించడమే.

ఇక్కడ తప్పు పట్టాల్సింది సంతకం పెట్టే వాళ్ల బుద్ధిని కాదు. శాంతిభద్రతలు, జైళ్లు, విపత్తులు, వీటి మధ్యలో నిఘా ఫైళ్లు కూడా చూడమని ఒక కార్యదర్శికి అప్పజెప్పడమే తప్పు. అసలు చదివేది కింది సెక్షన్ వాళ్లు. నిబంధనల్లో కార్యదర్శి హోదా, కమిటీ సభ్యుల హోదా వివరంగా ఉంటాయి. ఆ సెక్షన్‌లో ఎంతమంది ఉండాలి, వాళ్లకు ఏం నేర్పాలి, ఒక్కొక్కరికి ఎన్ని ఫైళ్లు అన్నది మాత్రం చర్చకే రాదు.

పోనీ కోర్టుకు అప్పజెబితే? అమెరికాలో విదేశీ గూఢచర్యం కేసుల్లో నిఘాకు 1978 చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక కోర్టు అనుమతిస్తుంది. దేశం నలుమూలల నుంచి ప్రధాన న్యాయమూర్తి ఎంపిక చేసిన 11 మంది ఫెడరల్ జడ్జిలు, వంతులవారీగా వారానికొకరు వాషింగ్టన్‌లో డ్యూటీ చేస్తారు. అవతలి పక్షం ఉండదు. ప్రభుత్వం చెప్పేదొక్కటే వినిపిస్తుంది. 1979 నుంచి 2012 దాకా వచ్చిన దాదాపు 34 వేల దరఖాస్తుల్లో తిరస్కరించినవి పదకొండే. అందుకే ఇది రబ్బరు స్టాంపు కోర్టు అన్న పేరొచ్చింది.

ఆ పేరు పూర్తిగా న్యాయం కాదు. 2013లో అప్పటి ప్రిసైడింగ్ జడ్జి రెగ్గీ వాల్టన్ సెనేట్ న్యాయ కమిటీకి ఒక లెక్క పంపారు. మూడు నెలల కాలంలో వచ్చిన వాటిలో 24.4 శాతం కోర్టు అడిగిన ప్రశ్నల వల్ల గణనీయంగా మారాకే బయటికి వెళ్లాయని. ఆ పని చేసింది కోర్టులో ఉండే న్యాయ సిబ్బంది. మామూలుగా దరఖాస్తు ముసాయిదా వారం ముందే వాళ్లకు వస్తుంది. వాళ్లు చదివి, ప్రభుత్వ లాయర్లకు ఫోన్ చేసి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, దీనికి ఆధారమేది అని అడుగుతారు. అవతల నుంచి సరైన జవాబు రాకపోతే కొన్ని దరఖాస్తులు జడ్జి దాకా వెళ్లకుండానే ఆగిపోతాయి. అవి తిరస్కరణల లెక్కలో కనిపించవు. అనుమతించే టీమ్ పనితీరును తిరస్కరణల శాతంతో కొలిచేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

అలాగని కోర్టు ఉంటే నిశ్చింతే అనుకోవడానికీ లేదు. జడ్జి ముందు ఉండేది ఎఫ్‌బీఐ రాసిచ్చిందే. అందులో ప్రతి వాక్యానికీ ఆధార పత్రం ఫైల్లో పెట్టాలన్న పద్ధతి 2001 నుంచి ఉంది. 2020 మార్చిలో అమెరికా న్యాయశాఖలో తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ 29 దరఖాస్తులు ఎంచుకుని చూస్తే, నాలుగింటికి ఆ ఫైళ్లే దొరకలేదు. మిగిలిన 25లోనూ తేడాలు కనిపించాయి, సగటున ఒక్కోదాంట్లో ఇరవై. వాటిలో నిజంగా కీలకమైనవి అతి కొద్దివేనని న్యాయశాఖ తర్వాత చెప్పుకుంది, నిజమే కావచ్చు. అయినా అంతకుముందు ఎఫ్‌బీఐ, న్యాయశాఖ జరిపిన తనిఖీలు ఈ తేడాలను ఆపలేకపోయాయన్నది మాత్రం తేలిపోయింది. జడ్జి హోదా ఎంత పెద్దదైనా కింద నుంచి వచ్చిన కాగితాన్ని దాటి చూడలేదు.

ఇక మూడోది. నాకు ఆసక్తి కలిగించేది ఇదే.

బ్రిటన్‌లో 2019 ముందు వరకు ఒక పోలీసు విభాగానికి కాల్ డేటా కావాలంటే అదే విభాగంలోని ఓ సీనియర్ అధికారి అనుమతించేవారు. దర్యాప్తులో ఆయనకు ప్రమేయం ఉండకూడదన్న నియమం ఉన్నా, ఇద్దరూ ఒకే భవనం, ఒకే క్యాంటీన్. 2016 డిసెంబర్‌లో, బ్రిటన్ ఇంకా యూరోపియన్ యూనియన్‌లో ఉండగానే, ఆ యూనియన్ అత్యున్నత కోర్టయిన యూరప్ న్యాయస్థానం ఇలాంటి డేటా తీసుకునే ముందు కోర్టో, స్వతంత్ర సంస్థో చూడాలని తీర్పిచ్చింది. ఏటా లక్షల్లో వచ్చే దరఖాస్తులను జడ్జిల మీద వేయడం కుదరదు. దాంతో నిఘా అధికారాల కమిషనర్ కింద ఒక కొత్త ఆఫీసు పెట్టారు, దాని కేంద్రాలు మాంచెస్టర్‌లో, బర్మింగ్‌హామ్‌లో. ఆరు వందలకు దగ్గరగా ఉన్న ప్రభుత్వ సంస్థల నుంచి, పోలీసుల దగ్గర్నుంచి స్థానిక కౌన్సిళ్ల దాకా, దరఖాస్తులు అక్కడికే వస్తాయి. అక్కడ కూర్చున్నవాళ్లకు ఇదే ఉద్యోగం. అనుమతించవచ్చు, తిరస్కరించవచ్చు, సరిచేసి పంపమని వెనక్కి పంపవచ్చు.

విడిగా ఉండటం అంత ముఖ్యమా అంటే, ఐర్లాండ్ కేసు చూడండి. అక్కడ పోలీసు శాఖలోనే ఒక ప్రత్యేక యూనిట్, దానికో చీఫ్ సూపరింటెండెంట్, కొంత స్వయంప్రతిపత్తి, తర్వాత కోర్టు సమీక్షకు అవకాశం, అన్నీ ఉన్నాయి. అయినా 2022 ఏప్రిల్‌లో యూరప్ న్యాయస్థానం అది చాలదంది. అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకే శాఖ అయితే అది స్వతంత్ర పరిశీలన కాదని తేల్చింది.

అయితే విడి ఆఫీసు పెట్టగానే సమస్య తీరదు, రూపం మార్చుకుంటుంది. అది నడిపే మేనేజర్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. మొదటి చిక్కు, ఎవరిని తీసుకోవాలి? మాజీ పోలీసులనా, బయటివాళ్లనా? మాజీ పోలీసుకు దరఖాస్తులో దాగిన సంగతి చటుక్కున తెలుస్తుంది. టవర్ డేటా (ఫోన్ ఏ సెల్ టవర్ పరిధిలో ఉందో చెప్పేది) అంటే ఏమిటి, ఏది నిజంగా అవసరం, ఏది అలవాటుగా అడిగింది, చెప్పక్కర్లేదు. కానీ అవతలివాడి కష్టం కూడా అంతే తొందరగా అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు మొదట్లో నెమ్మదిగా ఉంటారు, కొన్ని అమాయకపు ప్రశ్నలు వేస్తారు. అయితే నాకు నచ్చేది ఆ అమాయకపు ప్రశ్నలే. ఒక రాత్రి జరిగిన దొంగతనానికి మూడు నెలల కాల్ రికార్డులు అడిగారనుకోండి. మాజీ పోలీసు 'మామూలే' అనుకునే అవకాశం ఉంది. బయటి మనిషి 'ఆ ముందురోజు, ఆ రాత్రి, మర్నాడు చాలవా?' అంటారు. దర్యాప్తు అధికారి దగ్గర సరైన కారణం ఉంటే రాస్తారు, లేకపోతే మూడు నెలలు మూడు రోజులవుతాయి. నిఘాకు గురయ్యే మనిషికి దక్కే రక్షణ అసలు ఇక్కడే ఉంది. అందుకే ఇద్దరినీ కలిపి పెట్టాలి, నిర్ణయం మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోనే ఎక్కువగా ఉండాలి అంటాను.

రెండో చిక్కు ఫైళ్ల పంపకం. ఒక పోలీసు విభాగానికి ఒకే అధికారిని కేటాయిస్తే పని చకచకా సాగుతుంది, స్థానిక పరిస్థితులు తెలుస్తాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. అలా కాకుండా ఏ ఫైలు ఎవరికి పడుతుందో తెలియకుండా పంచితే, ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరు వెనక్కి కొడతారు, దర్యాప్తు వాళ్లు గోల పెడతారు. నేను రెండోదానికే ఓటేస్తాను. గోలను వారంవారం కొన్ని ఫైళ్లు అందరూ కలిసి చదివి, ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకుంటే తగ్గించవచ్చు. స్నేహాన్ని తగ్గించే మార్గం లేదు.

టార్గెట్ల సంగతి కూడా ఉంది. రోజుకు ఇన్ని ఫైళ్లు అని పెడితే మొదట పోయేది కొర్రీ. సందేహం రాసి, జవాబు కోసం ఆగి, మళ్లీ చదవడం కంటే ఓకే కొట్టడం తేలిక కదా. అందుకని టీమ్‌ను ఎన్ని పూర్తి చేశారు అని అడిగే బదులు, అనుమతించిన వాటిలో కొన్నింటిని ఆ తర్వాత వేరేవాళ్లతో చదివించి, ఇది నిలబడుతుందా అని చూడటం మేలు. తేదీలు, సమయాలు, నంబర్లు కూడా అక్కడే పట్టుకోవాలి. ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఇచ్చే నంబరైన ఐపీ అడ్రస్ ఒక్కో క్షణంలో ఒక్కొక్కరి దగ్గర ఉండొచ్చు. టైమ్‌జోన్ గంట తేడాగా రాసినా, ఒక అంకె అటూఇటూ పడినా సంబంధం లేని ఇంటి తలుపు కొడతారు. అలా ఏ పాపం తెలియనివాళ్ల ఇళ్లు సోదా చేసిన సందర్భాలు బ్రిటన్ పర్యవేక్షకుల వార్షిక నివేదికల్లో ఉన్నాయి. స్వేచ్ఛ, గోప్యత గురించి ఎంత గొప్పగా చదువుకున్న టీమైనా ఆ అంకెలు సరిచూడకపోతే ప్రయోజనం లేదు.

అత్యవసరం పేరుతో ఉన్న దొడ్డిదారి మూడు పద్ధతుల్లోనూ ఉంది. మన దగ్గర ఐజీ స్థాయి అధికారి ముందు ఆదేశమిచ్చి, ఏడు పనిదినాల్లో ధ్రువీకరణ తెచ్చుకోవాలి. అమెరికాలో అటార్నీ జనరల్ అనుమతితో మొదలుపెట్టి ఏడు రోజుల్లో కోర్టుకు వెళ్లాలి. బ్రిటన్‌లో ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో కాల్ డేటాకు పోలీసు అధికారే అనుమతివ్వవచ్చు, అది మూడు రోజులే చెల్లుతుంది. తప్పిపోయిన పిల్లవాడి ఫోన్ ఎక్కడుందో కనుక్కోవడానికి ఫారం నింపి కూర్చోమనలేం. గడువు ఎంత చిన్నదైతే అంత మంచిది, ఈ విషయంలో బ్రిటన్ మెరుగు.

మరి ఏది మేలు? మాటలు వినే ట్యాపింగ్‌కు ఒక్క సంతకం చాలదు. బ్రిటన్‌లో దానికి మంత్రి సంతకం, ఆపైన జ్యుడీషియల్ కమిషనర్ (సీనియర్ జడ్జిగా ఉన్న లేదా పనిచేసిన వ్యక్తి) ఆమోదం, రెండూ కావాలి. నాకు అది సబబుగా తోస్తుంది. మంత్రి రాజకీయంగా జవాబు చెప్పుకోవాలి, జడ్జి చట్టపరంగా చూస్తారు. కాల్ డేటాకు మాత్రం జడ్జి అవసరం లేదు, పెట్టినా మన సమీక్షా కమిటీ గతే పడుతుంది. అంత సంఖ్యను మోయగలిగేది ఇదే ఉద్యోగంగా చేసే విడి ఆఫీసు ఒక్కటే.

మన దగ్గర మార్పు మొదలుపెట్టాల్సింది కూడా అక్కడే అంటాను, చాలామంది ట్యాపింగ్ నుంచి మొదలుపెట్టాలంటారు గానీ. ట్యాపింగ్‌కు కనీసం హోం కార్యదర్శి సంతకం, కమిటీ అంటూ ఉన్నాయి. కాల్ డేటాకు అవి కూడా లేవు. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద, ఎస్పీ స్థాయి అధికారి ఆమోదంతో పోలీసులే తెప్పించుకుంటారు. బ్రిటన్ 2019లో వదిలేసిన పద్ధతి దాదాపు ఇదే. రాష్ట్రానికో చిన్న ఆఫీసు, పోలీసు శాఖ కింద కాకుండా, సొంత సిబ్బందితో, కాల్ డేటా దరఖాస్తులు మాత్రమే చదవడానికి పెడితే చాలు. మొదటి ఏడాది లెక్కలు బయటపెట్టేటప్పుడు ఎన్ని తిరస్కరించారో ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, ఎన్నింటికి కొర్రీ వేశారో, అడిగిన దానికంటే ఎన్నింటిలో తక్కువ ఇచ్చారో కూడా చెప్పాలి.