లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ: పడిపోయిన పాత డెస్క్‌టాప్‌కు వైద్యం ఎంత, కాపురం ఎంత

ఆన్ కాని కంప్యూటర్‌ను సర్వీసు షాపుకు మోసుకెళ్తే చాలాసార్లు వినపడే మొదటి మాట "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టేద్దాం". ఫార్మాట్ కొడతారు, క్రాక్ చేసిన విండోస్ ఎక్కిస్తారు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు దాంతోపాటే పోతాయి. నెల తిరక్కుండా మళ్లీ అదే నీలం స్క్రీన్. అప్పుడు తెలుస్తుంది, పోయింది విండోస్ కాదు, దాని కింద ఉన్న హార్డ్‌డిస్క్ అని. ఒక్కోసారి హార్డ్‌డిస్క్ కూడా కాదు, రూపాయి బిళ్లంత బ్యాటరీ.

అందుకే విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లినక్స్ మింట్ 22ను, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్‌ను ఇక్కడ రెండు పనులకు విడివిడిగా తూచాం. ఒకటి, రోగం కనిపెట్టి ఫైళ్లు బయటికి లాగే పెన్‌డ్రైవ్‌గా. రెండు, రోజూ వాడుకునే ఓఎస్‌గా. మొదటి పనికి పైసా ఖర్చు లేకుండా ఇంతకంటే మంచిది దొరకడం కష్టం. రెండో పనికి మాత్రం ఇంటిని బట్టి, ఇంకా చెప్పాలంటే ఇంట్లో ఉన్న ప్రింటర్‌ను బట్టి జవాబు మారుతుంది.

కడపలో ఇళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే రకం డెస్క్‌టాప్‌నే లెక్కలోకి తీసుకున్నాం: నాలుగో జనరేషన్ ఐ3, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు. ఈ మెషీన్ ఆ గడప తొక్కలేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఈఎస్‌యూ అనే అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అంతే. మింట్ 22 వచ్చింది 2024 జూలైలో, ఉబుంటు 24.04 మీద కట్టారు, 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. 22 సిరీస్‌లో అన్నిటికంటే కొత్త సంఖ్య ఉన్నదే దించుకోండి.

పెన్‌డ్రైవ్ పెట్టేముందు ఒక పది నిమిషాలు సీపీయూ డబ్బా మూత తీసి చూడాలి. మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ లేకపోతే ఆ డబ్బా చోటు కడప బండ అరలోనే. మూడు వైపులా గోడ, వెనక వేడిగాలి పోయే దారి ఉండదు, ఏప్రిల్‌, మే నెలల్లో గదే నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆన్ చేసిన ఐదారు నిమిషాలకు దానంతటదే ఆగిపోతోందంటే ఓఎస్‌ను అనుమానించకండి. బయోస్‌లో (ఆన్ చేయగానే డెల్ లాంటి కీ నొక్కితే వచ్చే బోర్డు సెట్టింగులు) హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీ తెరిచి ప్రాసెసర్ వేడి చూడండి. ఏ పనీ చేయకుండా అక్కడే కూర్చున్నా డెబ్బై దాటి ఎక్కుతూ పోతోందంటే హీట్‌సింక్ సరిగా ఆనలేదు. ఇంటెల్ వాళ్ల హీట్‌సింక్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, అందులో ఒకటి పైకి లేచినా చాలు. పాత పేస్ట్ గుడ్డతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్ట్ పెట్టి, పిన్నులను ఎదురెదురుగా, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి.

అసలు ఫ్యానే తిరగకపోతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) మీద. ప్లగ్గు పీకి, 24 పిన్నుల కనెక్టర్‌ను మదర్‌బోర్డు నుంచి ఊడదీసి, అందులో ఒకే ఒక్కటి ఉండే ఆకుపచ్చ వైరు పిన్నును పక్కనున్న నల్ల వైరు పిన్నుతో జెమ్‌క్లిప్పు వంచి కలపండి. తర్వాతే కరెంటు ఇవ్వండి. ఫ్యాన్ తిరగకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. తిరిగింది కదా అని బాగున్నట్టు కాదు, బరువు పడినప్పుడు వోల్టేజీ జారిపోయేవి చాలానే ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, లోపలి కెపాసిటర్లు కరెంటు తీశాక కూడా కొడతాయి.

ఇక ఆ బ్యాటరీ సంగతి. బోర్డు మీద సీఆర్2032 అని రాసి ఉన్న బిళ్ల, 3 వోల్టులు. మీటర్ పెడితే 2.8 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. ఇది చచ్చిపోతే తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి పోతుంది, బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోదు. అంతకంటే పెద్ద తిప్పలు ఇంకోటి ఉంది. కొన్ని బోర్డుల్లో బయోస్ సెట్టింగులు మొదటికొచ్చినప్పుడు సాటా మోడ్ (బోర్డు హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి పాతదైన ఐడీఈకి మారిపోతుంది. విండోస్ ఏహెచ్‌సీఐలో ఎక్కించినదైతే వెంటనే "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వేస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఆ ఒక్క మాట తిరిగి ఏహెచ్‌సీఐకి మారిస్తే పాత విండోస్ ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. ఈ కారణానికే ఫార్మాట్ కొట్టించుకున్న ఇళ్లు ఎన్నో.

ఇవన్నీ సరిగా ఉన్నాయంటే ఇప్పుడు పెన్‌డ్రైవ్. మింట్ ఐఎస్‌ఓ (ఓఎస్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దాదాపు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ పడిపోయింది, పెన్‌డ్రైవ్ ఎక్కడ తయారు చేసేది అంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎచ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్, ఫోన్‌కు పెన్‌డ్రైవ్ తగిలించే ఓటీజీ కేబుల్ ఒకటి ఉంటే ఫోన్‌తోనే అయిపోతుంది. మింట్ ఫైలును అది బాగానే రాస్తుంది, విండోస్ ఫైలును అలా రాయలేదు. వేరే కంప్యూటర్ దొరికితే పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే అందులో మింట్, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్, విండోస్ ఐఎస్‌ఓలు మూడూ పక్కపక్కన పడుకుంటాయి. బూట్ మెనూకు గిగాబైట్ బోర్డయితే ఎఫ్12, ఆసుస్‌కు ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11.

మింట్ పెన్‌డ్రైవ్ నుంచే పూర్తిగా లేస్తుంది, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోదు. అసలు బలం ఇక్కడే. మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రాం తెరిచి, ఎడమవైపు మీ హార్డ్‌డిస్క్ ఎంచుకుని, పైన మూడు చుక్కల్లో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) నొక్కండి. పెద్ద పట్టిక వస్తుంది, మనకు కావలసినవి మూడే వరుసలు. అయిదో నంబరు, రీఅలొకేటెడ్ సెక్టార్లు: పాడైపోయి పక్కన పెట్టేసిన చోట్లు. 197, కరెంట్ పెండింగ్: చదవడానికి మొరాయిస్తున్న చోట్లు. 199, సీఆర్‌సీ ఎర్రర్లు: డిస్క్‌కు, బోర్డుకు మధ్య డేటా చెడిపోయిన సందర్భాలు. మొదటి రెండిట్లో అంకె సున్నా కాకుండా రోజురోజుకూ పెరుగుతోందంటే ఆ డిస్క్ మీద ఏ ఓఎస్ ఎక్కించినా దండగ. పైన "డిస్క్ ఈజ్ ఓకే" అని రాసి, పక్కనే ఇన్ని బ్యాడ్ సెక్టార్లు అని చూపిస్తుంటుంది. ఆ ఓకేను నమ్మకండి. 199 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ది తప్పు కాదు, సాటా కేబుల్ మార్చి చూడండి. అన్నీ శుభ్రంగా ఉన్నా మెషీన్ తిక్కతిక్కగా ఆగుతోందంటే ర్యామ్. స్లాటు నుంచి తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్ తిరగనివ్వండి. ఎర్ర గీత ఒక్కటి కనపడినా ఆ ర్యామ్ పనికిరాదు.

డిస్క్ కొనఊపిరితో ఉంటే వరుస ముఖ్యం. ముందు ఫైళ్లు, తర్వాతే పరీక్షలు. విండోస్‌లో చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో నడపమని చాలామంది చెబుతారు. చస్తున్న డిస్క్‌కు అది చివరి తోపు, ఎందుకంటే ప్రతి సెక్టారునూ చదివించి డిస్క్‌లోని చదివే తల చేత గంటల తరబడి గీకిస్తుంది. దానికి బదులు మింట్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉన్నదాన్ని బయటి డిస్క్‌కు కాపీ చేసుకోండి. విండోస్ సరిగా షట్‌డౌన్ కాకుండా పోయి ఉంటే మింట్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరవొచ్చు, రాయనివ్వకపోవచ్చు. కాపీకి అది చాలు. కాపీ మధ్యలో ఒకే ఫైలు దగ్గర నిలిచిపోతుంటే జీడీడీరెస్క్యూ అనే డిస్క్ కాపీ ప్రోగ్రాం వేసుకుని డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌లోకి దించండి. అది పాడైన చోట్లను మొదట దాటేసి, బాగున్నది లాగేసి, చివర్లో వెనక్కొచ్చి పాడైనవాటి పని పడుతుంది. టక్, టక్ అని చప్పుడొస్తున్న డిస్క్‌కు మాత్రం వెంటనే కరెంటు తీసేయండి, అది ఇంట్లో చేసే వైద్యం కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక కాపురం సంగతి. హార్డ్‌డిస్క్ బాగున్నా సరే, ఓఎస్‌ను మాత్రం 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మీదే పెట్టండి. పాత డిస్క్‌ను ఫొటోలకు ఉంచుకోండి. ర్యామ్ 8కి పెంచండి, హెచ్81 బోర్డులో రెండు స్లాట్లూ కలిపి 16 వరకు పడుతుంది. ఈ రెండూ చేస్తే మింట్‌కూ విండోస్‌కూ మధ్య వేగంలో చెప్పుకునే తేడాయే తగ్గిపోతుంది, నిజం చెప్పాలంటే. తేడా 4 జీబీ దగ్గరే తెలుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఖాళీగా ఉన్నప్పుడు ఒక జీబీకి అటూఇటూ తింటుంది, కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో నాలుగు ట్యాబ్‌లకు చోటు మిగులుతుంది. సినమన్ ఎడిషన్ అందంగా ఉంటుంది గానీ దాన్ని 8 జీబీ ఉన్నవాళ్లకు వదిలేయండి.

ఎక్కించేటప్పుడు మల్టీమీడియా కోడెక్స్ అన్న చోట టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. ఎరేజ్ డిస్క్ అని వచ్చినప్పుడు ఏ డిస్క్ అన్నది సైజు చూసి ఎంచుకోండి. భయంగా ఉంటే పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేసి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి మొదలుపెట్టండి, అదే మేం చెప్పే పద్ధతి. పావుగంట పని. యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్ని మింట్‌కు కనపడవు. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ వెతుక్కోవచ్చు. మొదటి రోజే మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం ఆన్ చేయండి. అప్‌డేట్ ఏదైనా తేడా కొడితే నిన్నటికి వెనక్కి తీసుకెళ్తుంది. అది సిస్టమ్‌ను మాత్రమే దాచిపెడుతుంది, మీ ఫొటోలను కాదు.

తెలుగు విషయంలో మింట్‌కు మంచి మార్కులే. బ్రౌజర్‌లో ఒత్తులు చక్కగా పడతాయి. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డు) సిద్ధం. టైపింగ్ ప్రోగ్రాం ఐబస్‌కు ఎం17ఎన్ అనే ప్యాకేజీ జోడిస్తే ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు కూడా వస్తాయి, డీటీపీ అలవాటున్న వేళ్లకు అది హాయి. కానీ అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో బతికే షాపు మింట్ జోలికి రావొద్దు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడేవాళ్లూ అంతే. విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్‌తో నడుస్తుందని ఎవరైనా చెబితే లెక్కల పుస్తకం మీద ఆ ప్రయోగం చేయకండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్ర మెషీన్ ఉన్నవాళ్లు ముందు ఆ కంపెనీ లినక్స్ సాఫ్ట్‌వేర్ ఇస్తోందో లేదో చూసుకోవాలి. ఇంజనీరింగ్ పిల్లలకు మాత్రం ఇదే మేలు. సీ, పైథాన్, జావా అన్నీ రెండు నిమిషాల్లో వేసుకోవచ్చు, పరీక్షల మాక్ టెస్టులన్నీ బ్రౌజర్‌లోనే కదా.

పెన్‌డ్రైవ్ తయారు చేసే రూఫస్ ప్రోగ్రాంతో మైక్రోసాఫ్ట్ షరతులు దాటించి ఇదే ఐ3 మీద విండోస్ 11 ఎక్కించడం కుదురుతుంది, బాగానే నడుస్తుంది కూడా. చిక్కేమిటంటే ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ చేత్తో ఎక్కించాలి, అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ హామీ లేదు. ట్యాలీ ఇల్లు అయితే ఇది ఒక దారి, లైసెన్సు మాత్రం సరైనది కొనండి. పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ పెద్దవాళ్ల యూట్యూబ్‌కు సరిపోతుంది, అంతకు మించి ఆశించొద్దు.

ఏ ఓఎస్ అయినా ఇంకో ఏడాదికి మళ్లీ డిస్క్ పాడు కాకుండా ఉండాలంటే ఇన్వర్టర్ చూసుకోండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, రాస్తున్న ఫైలు మధ్యలో తెగుతుంది. స్విచ్ యూపీఎస్ వైపు ఉండాలి, అది లేకపోతే విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టుకోవాలి.

ప్రింటర్ గురించి మొదట్లో అన్నాం కదా. ఎప్సన్ ఎల్ సిరీస్ ట్యాంక్ ప్రింటర్లు చాలావరకు తగిలించగానే పలుకుతాయి. హెచ్‌పీ 1020, పీ1108, ఎం1005 ఉన్నవాళ్లు నెట్ ఉండగా హెచ్‌పీ ప్లగిన్ ఒకటి దించుకోవాలి, అది లేకుండా ప్రింటర్ కనపడుతుంది గానీ కాగితం కదలదు. క్యానన్ ఎల్‌బీపీ2900 అయితే మాత్రం వాడే డ్రైవర్ పాతది, ఒకరోజు ప్రింట్ ఇచ్చి రెండోరోజు అలుగుతుంది. దానితోనే రోజూ పని ఉంటే పాత హార్డ్‌డిస్క్‌లో విండోస్ బతికే ఉన్నంతవరకు చెరపకుండా ఉంచి, ఎస్‌ఎస్‌డీ మీద మింట్ వేసుకోండి. ప్రింటు కావలసినప్పుడు బూట్ మెనూ కీ నొక్కి అటు వెళ్లొచ్చు.