వర్డ్‌ప్రెస్‌తో ఆరేళ్లు: కోడ్ రాని మనిషి సమీక్ష

నాకు కోడ్ రాదు. ఆరేళ్ల కిందట రాదు, ఇప్పుడూ రాదు. పెన్సిల్ బొమ్మలు వేస్తాను. వాటికో సైట్ కావాలని అడిగితే తెలిసినవాళ్లు "వర్డ్‌ప్రెస్ పెట్టుకో, ఒక్క సాయంత్రం పని" అన్నారు. కోడ్ రాయకుండానే సైట్ కట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. అబద్ధమేం కాదు, సైట్ ఆ సాయంత్రమే వచ్చేసింది. చూడబుద్ధయ్యేలా తయారవడానికి మాత్రం నెలన్నర పట్టింది. తర్వాత అక్కకొకటి, స్నేహితుడికొకటి చేసిపెట్టాను. ఆఖరిది రెండు రోజుల్లో అయిపోయింది. మొదటిసారి ఆ నెలన్నర ఎటు పోయిందో చెబుతాను.

ముందు చిన్న తికమక తీర్చాలి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, డాట్ ఆర్గ్ వేరు. మొదటిది సైట్‌ని తామే నడిపిపెట్టే సర్వీసు. రెండోచోట దొరికేది ఉచిత సాఫ్ట్‌వేర్, హోస్టింగ్ (సైట్ ఉండటానికి నెట్‌లో అద్దె జాగా) తీసుకుని మనమే పెట్టుకోవాలి. 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ బ్లాగుల కోసం మొదలుపెట్టింది ఈ సాఫ్ట్‌వేర్‌నే. నేను వాడుతున్నదీ ఇదే. ఇన్‌స్టాల్ చేయడమంటే హోస్టింగ్ ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కడం, అంతే.

కష్టాలు థీమ్ దగ్గర, అంటే సైట్ రూపాన్ని నిర్ణయించే రెడీమేడ్ డిజైన్ దగ్గర, మొదలయ్యాయి. నేను ఎంచుకున్న థీమ్ డెమోలో స్క్రీన్ నిండా మంచుకొండ, దాని మీద తెల్లటి అక్షరాల్లో మూడే మూడు ఇంగ్లిష్ మాటలు, కింద ఒకే కొలతలో మూడు ఫొటోలు. చూడగానే పడిపోయాను. కొండ తీసేసి నా బొమ్మ పెట్టాను. తెల్ల కాగితం మీద తెల్లక్షరాలు, ఏం కనబడతాయి? మూడు మాటల చోట తొమ్మిది మాటల తెలుగు శీర్షిక పెడితే ఫోన్‌లో ఐదు వరసలైంది. నా బొమ్మల్లో కొన్ని నిలువు, కొన్ని అడ్డం. థీమ్ అన్నింటినీ చదరంగా కత్తిరించింది. ఒక ముసలాయన బొమ్మలో గడ్డం మిగిలింది, కళ్లు పోయాయి.

థీమ్ బాగాలేదనుకుని ఇంకోటి మార్చాను. అదీ అంతే. అలా పదకొండు మార్చాక గానీ వెలగలేదు, నాకు నచ్చింది థీమ్ కాదు, ఆ కొండ ఫొటో అని. ఇప్పుడు డెమో చూసేటప్పుడు ఫొటోల్ని మనసులోనే చెరిపేసి చూస్తాను. అప్పుడు కూడా అక్షరాలు, ఖాళీ జాగాలు బాగుంటేనే అది నాకు పనికొస్తుంది.

రెండో తప్పు పేజీ బిల్డర్ ప్లగిన్. ప్లగిన్ అంటే వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్, ఈ రకంది పేజీల్ని పేర్చిపెడుతుంది. వర్డ్‌ప్రెస్ సొంత బ్లాక్ ఎడిటర్ (పేరా, ఫొటో అంటూ ముక్కలు ముక్కలుగా పేజీ పేర్చుకునేది) 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో వచ్చింది. నేను చేరేనాటికి దాన్ని మెచ్చుకునేవాళ్లకంటే తిట్టేవాళ్లే ఎక్కువ. అందరి మాటా విని లాగి వదిలేస్తే చాలనే ఒక బిల్డర్ వేసుకున్నాను. (పేరెందుకు లెండి.) ఏడాదిన్నర హాయిగానే గడిచింది. బరువెక్కువైందని ఒకరోజు దాన్ని ఆపేస్తే పేజీల నిండా చదరపు బ్రాకెట్లు, వాటి మధ్య ఏవో కోడ్ ముక్కలు, అక్కడక్కడా నా వాక్యాలు. ఒక్కో వాక్యం ఏరుకుని మళ్లీ పేర్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ అవసరం లేదు. బ్లాక్ ఎడిటర్ బాగా ఎదిగింది. 2022 జనవరిలో 5.9 వచ్చాక, బ్లాక్ థీమ్ (మొత్తం బ్లాకులతోనే కట్టిన థీమ్) వాడితే హెడర్, ఫుటర్, అంటే సైట్ పై పట్టీ, కింది పట్టీ కూడా మనమే మార్చుకోవచ్చు. స్టైల్స్‌లో ఫాంటో రంగో ఒక్కచోట మారిస్తే సైటంతా మారుతుంది. సిద్ధంగా ఉన్న ప్యాటర్న్‌లు (ముందే పేర్చిపెట్టిన బ్లాకుల గుంపులు) తెచ్చి పెట్టుకుని వాటిలో సగం తీసేస్తాను. తీసేసే కొద్దీ అందం వస్తుంది, ఎందుకో మరి.

తెలుగులో సైట్ చేసేవాళ్లకి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా థీమ్‌లలో శీర్షికల వరసలు బాగా దగ్గరగా ఉంటాయి, లైన్ హైట్ 1.1, 1.2 అలా. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. మనకి ఒత్తులు కిందికి వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి. నా శీర్షికలో పై వరసలోని "స్కెచ్" కావత్తు కింది వరసలోని "కి" గుడి మీద కూర్చుంది. ఫాంటే పాడైందనుకుని మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు అన్నీ వరసగా మార్చి చూశాను. చివరికి టైపోగ్రఫీ దగ్గరున్న మూడు చుక్కల మెనూలో లైన్ హైట్ దొరికింది. 1.5 చేస్తే అక్షరాలు ఊపిరి పీల్చుకున్నాయి. మామూలు పాఠానికి 1.8 పెడతాను. అక్కడే లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) మైనస్‌లో ఉంటే దాన్ని సున్నా చేసెయ్యండి.

ఫొటోల గురించి కూడా. ట్యూబ్‌లైట్ కింద తీస్తే కాగితం బూడిదరంగుకి తిరుగుతుంది, ఎంత మంచి థీమైనా దాన్ని కాపాడలేదు. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తీయాలి. ఫోన్ ఫొటో వెడల్పు నాలుగు వేల పిక్సెళ్లుంటుంది. వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి పెద్ద ఫొటోల్ని తనే 2560కి తగ్గిస్తోంది, అదీ నాకు ఎక్కువే. 1600కి కుదించి, 300 కేబీ లోపు చేసి ఎక్కిస్తాను. వేగం కోసం వేసుకున్న నాలుగు ప్లగిన్లూ చేయని పని ఇది చేసింది.

ఇక భయపెట్టిన రాత్రి ఒకటుంది. బ్యాకప్ తీయకుండా ఎనిమిది ప్లగిన్లు ఒకేసారి అప్‌డేట్ కొట్టాను. సైట్ పోయింది. "క్రిటికల్ ఎర్రర్" అని ఒక్క లైను, అడ్మిన్‌లోకి కూడా వెళ్లనివ్వదు. టెన్షన్‌తో తెల్లవారుజాము దాకా వెతికితే ఒక ఉపాయం తెలిసింది. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మారిస్తే ప్లగిన్లన్నీ ఆగిపోతాయట. మార్చాను, సైట్ లేచింది. మర్నాడు బయటపడింది అసలు జోకు. ఇలా జరిగితే రికవరీ లింకు మెయిల్‌కి పంపే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లో 2019లో వచ్చిన 5.2 నుంచే ఉంది. లింకు నాకూ వచ్చింది, ఎప్పుడో వాడటం మానేసిన మెయిల్‌కి. మీ సెట్టింగ్స్‌లో ఏ మెయిల్ ఉందో ఇప్పుడే చూసుకోండి.

ఆఖరి సైట్ రెండు రోజుల్లో ఎలా అయిందంటే, మొదటి రోజు కంప్యూటర్ ముట్టనేలేదు. ఎన్ని పేజీలు, ఏ పేజీలో ఏ మాటలు, ఏ ఫొటోలు అన్నది కాగితం మీద రాసుకున్నాం. రెండో రోజు వర్డ్‌ప్రెస్‌తో పాటే వచ్చే మామూలు థీమ్‌లో పోసేశాం. ఒక ఫాంటు, రెండు రంగులు, మూడు ప్లగిన్లు. ప్రతి మార్పునీ ముందు ఫోన్‌లోనే చూశాం.

అందరికీ వర్డ్‌ప్రెస్సే పెట్టుకోమని చెప్పను. నెలకోసారి కూర్చుని అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసుకునే ఓపిక లేకపోతే, అన్నీ వాళ్లే చూసుకునే సైట్ సర్వీసు నయం. కాకపోతే రేపు అక్కణ్నుంచి వేరేచోటికి మారాలంటే ఏమేం వెంట తెచ్చుకోనిస్తారో చేరేముందే కనుక్కోండి. ఒకే ఒక్క పేజీ చాలనుకుంటే దానికి వర్డ్‌ప్రెస్ అనవసరపు బరువు. బొమ్మలు, రాతలు ఏళ్లతరబడి పెంచుకుంటూ పోయే నాలాంటివాళ్లకి మాత్రం సరిపోయింది. హోస్టింగ్ రెండుసార్లు మార్చాను, ఒక్క బొమ్మ కూడా పోలేదు.

ఇది రాస్తుండగా ఐదు అప్‌డేట్లు ఎదురుచూస్తున్నాయి. బ్యాకప్ ఇంకా నడుస్తోంది, అది అయ్యాకే ముట్టుకుంటాను.