కొలోంబ్‌లో కంచు పతకం రోజు

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో గులకరాళ్ల మీద హాకీ ఆడి పెరిగినవాణ్ని. బంతి ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు ఈఫిల్ టవర్ కంటే ముందు పారిస్ శివారులోని కొలోంబ్ స్టేడియమే చూడాలనిపించింది. 1924 ఒలింపిక్స్‌కు ప్రధాన స్టేడియం అదే. వందేళ్ల తర్వాత అక్కడే హాకీ పెట్టారు.

ముందు బస సంగతి. నేనూ, జర్మనీలో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకూ గార్ దు నోర్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక గది తీసుకున్నాం. ప్రకటనలో లిఫ్ట్ ఉందన్నారు. వెళ్లి చూస్తే లేదు, మాది ఐదో అంతస్తు. ఆ ఎండల్లో ఫ్యాన్ కూడా లేదు. ఓనర్‌కు మెసేజ్ పెడితే మూడో రోజు జవాబిచ్చాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డబ్బు కట్టకముందే లిఫ్ట్ ఫొటో అడగండి. పేటకు మాత్రం వంక పెట్టను. పక్కనే లా షాపెల్‌లో శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి. పొద్దున ఇడ్లీ, రాత్రి సాంబారన్నం, పక్కన మా ఇంటి చింతకాయ తొక్కు. తిండికి ఏ లోటూ రాలేదు.

ఆటల రోజుల్లో మెట్రో టికెట్ 4 యూరోలు, రోజు పాస్ 16 యూరోలు. నాలుగుసార్ల కంటే ఎక్కువ ఎక్కితేనే పాస్ గిట్టుతుంది. సెయింట్ లజార్ నుంచి జె లైన్ రైలెక్కితే పావుగంటలో కొలోంబ్. దిగినప్పటి నుంచి గేటు దాకా వలంటీర్లు దారి చూపిస్తూనే ఉన్నారు. స్టేడియంలో కార్డయితే వీసా, లేకపోతే నగదు. నా రూపే కార్డు జేబులోనే ఉండిపోయింది.

మా చేతిలో ఉన్నవి 8వ తేదీ రాత్రి ఫైనల్ టికెట్లు. 6న సెమీస్‌లో మనవాళ్లు జర్మనీ చేతిలో 2-3తో ఓడారు. గదిలో ఫోన్ ముందు కూర్చున్న మాకు చాలాసేపు మాట రాలేదు. చివరికి పిల్లవాడే అన్నాడు: "పెదనాయినా, ఇవి అమ్మేద్దాం. మనోళ్ల కంచు పతకం మ్యాచ్ అదే రోజు మధ్యాహ్నం స్పెయిన్‌తో ఉంది గదా, దానికి కొందాం." టికెట్లు తిరిగి అమ్ముకునే అధికారిక యాప్ ఉండటం ఎంత మేలయిందో! మావి పెట్టేసి, ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. రాత్రి రెండింటికి రెండు సీట్లు దొరికాయి, వేర్వేరు వరుసల్లో.

స్టేడియంలో నన్ను కదిలించిన మొదటి దృశ్యం నీళ్లు. ఆటకు ముందు టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) అంతా తడిసేలా చిమ్మారు. పాత టర్ఫ్‌ల కంటే తక్కువ నీళ్లతో సరిపోయే రకమట. అయినా, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన ఊళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని కదా, ఆ నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను.

18వ నిమిషంలో పెనాల్టీ స్ట్రోక్‌తో (గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండే షాట్) స్పెయిన్ ముందుకెళ్లింది. మా వరుసంతా చల్లబడిపోయింది. సగం ఆట ముగుస్తుందనగా 30వ నిమిషంలో మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ పెనాల్టీ కార్నర్‌ను (అవతలివాళ్ల తప్పుకు గోల్ దగ్గర దొరికే అవకాశం) గోల్ చేశాడు, 33లో మరొకటి. ఇక చివరి నిమిషాల టెన్షన్ టీవీలో తెలియదు. స్పెయిన్‌కు పెనాల్టీ కార్నర్ వచ్చిన ప్రతిసారీ మన గోల్‌కీపర్ శ్రీజేష్ ప్యాడ్లకు బంతి తగిలిన ఠప్‌మన్న చప్పుడు మా దాకా వినిపించింది. నాలుగు ఒలింపిక్స్ ఆడిన అతనికి అదే ఆఖరి మ్యాచ్. 2-1. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో పతకం 1972 తర్వాత ఇదే. హర్మన్‌ప్రీత్ శ్రీజేష్‌ని భుజాలకెత్తుకున్నప్పుడు, నాకు మూడు వరుసల కింద మా పిల్లవాడు లేచి నిలబడి వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. ఇద్దరం ఏడ్చాం.

బయటికి వస్తుంటే రాత్రి ఫైనల్‌కు నారింజ చొక్కాల డచ్చివాళ్లు ఎదురొచ్చారు. మా సీట్లలో ఎవరు కూర్చున్నారో!

2026లో గ్లాస్గో కామన్వెల్త్‌కు పోదామనుకున్నాం, అక్కడ హాకీనే తీసేశారు. ఈ బాధ నాకింకా తగ్గలేదు. అదే ఏడాది సెప్టెంబరులో జపాన్‌లో ఏషియన్ గేమ్స్ ఉన్నాయి. పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కు ఇచ్చాను.