ఆరేళ్ల స్క్రైబస్: ఇరుక్కున్నప్పుడు ఎవరిని అడగాలి?

మా తెలుగు సంఘం మూడు నెలలకోసారి ఒక చిన్న పత్రిక వేస్తుంది. 1/8 డెమ్మీ సైజు, 32 పేజీలు, మధ్యలో పిన్ను, 500 కాపీలు. చెన్నైలో అయనావరం, పెరంబూర్, విల్లివాక్కం వైపు సభ్యులకు ఇంటికెళ్లి చేతికిచ్చి వస్తాం. 2019 దాకా పేజీలు పెట్టడం, అంటే మ్యాటర్‌నూ బొమ్మలనూ అచ్చుకు తగ్గట్టు పేజీల్లో అమర్చడం, బయట చేయించేవాళ్లం. ఆ ఏడాది చివర్లో డబ్బు చాలక, "నువ్వెలాగూ రోజంతా కంప్యూటర్ ముందే కదా కూర్చుంటావు" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. నేను చేసేది ఒక స్కూల్లో అకౌంట్స్. ఆ పనికి ప్రెస్సుల్లో వాడే పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, ఇప్పుడు కొందామన్నా అమ్మేవాళ్లు లేరు. ఇన్‌డిజైన్‌కు నెలనెలా కట్టుకోవాలి. అలా వెతుక్కుంటూ, అదే పని చేసే స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగాను. ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది.

ఇప్పటికి ఇరవైకి పైగా సంచికలు అందులోనే పెట్టాను. ఏ బటన్ ఏం చేస్తుందో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి పోను. పని మధ్యలో ఆగిపోయి, ప్రెస్సువాళ్లు "ఫైలెప్పుడిస్తారమ్మా?" అని ఫోన్ చేస్తున్నప్పుడు సాయం ఎక్కడ దొరికింది, ఎంత దొరికింది అన్నదే నా సమీక్ష.

మొదటి దెబ్బ మొదటి పేజీలోనే తగిలింది. శీర్షికలో "స్త్రీ" అనే మాట ఉంది. టైప్ చేసే స్టోరీ ఎడిటర్‌లో చక్కగా కనిపిస్తోంది. అదే పేజీ మీదికి వచ్చేసరికి స పక్కన పొల్లు, త పక్కన పొల్లు, చివర రీ. చిన్నపిల్లలు అక్షరాల బిళ్లలు పేర్చినట్టు విడివిడిగా ఉంది. ఫాంట్ తేడా అనుకుని మండలి పెట్టాను, పొన్నాల పెట్టాను, పోతన పెట్టాను. మూడు రాత్రులు ఇదే పని. నాలుగో రాత్రి స్క్రైబస్ వాళ్ల చాట్ గదిలోకి వెళ్లి, "తెలుగు పనిచేయడం లేదు, అర్జెంట్, దయచేసి సాయం చేయండి" అని ఇంగ్లిష్‌లో రాశాను. అరగంట చూశాను. ఎవరూ పలకలేదు. విసుగొచ్చి మూసేశాను.

తప్పు నాదేనని తర్వాత తెలిసింది. ఆ గదిలో ఉండేవాళ్లు జీతానికి కూర్చున్నవాళ్లు కారు. చాలామంది యూరప్ వాళ్లు, సొంత పనుల మధ్య ఓసారి తొంగిచూస్తారు. మనం బయటికి వచ్చేశాక ఎవరైనా జవాబు రాసినా మనకు కనిపించదు. చలికాలంలో మనకు రాత్రి తొమ్మిదైతే జర్మనీలో సాయంత్రం నాలుగున్నర. మర్నాడు ఆ వేళకు వెళ్లి, ప్రశ్న అడిగేసి, కిటికీ తెరిచే ఉంచి, కూర తరుగుతూ కూర్చున్నాను. గంటన్నరకు ఒకాయన మూడు ప్రశ్నలు వేశాడు. ఏ వెర్షన్? ఏ ఆపరేటింగ్ సిస్టమ్? ఏ ఫాంట్? 1.4.8 అన్నాను. ఒక్క వాక్యంలో తేల్చేశాడు. 1.4లో మీ లిపి రాదు, 1.5.5 వేసుకోండి అని.

ఇక్కడే తమాషా. అప్పట్లో 1.4.8 మీద "స్టేబుల్" అని, అంటే నమ్మి వాడుకోవచ్చని రాసి ఉండేది. 1.5.5 ఇంకా తయారవుతున్న వెర్షన్, ముఖ్యమైన పనికి నమ్ముకోవద్దని హెచ్చరిక ఉండేది. లెక్కలు చూసేదాన్ని కదా, సహజంగానే స్టేబుల్ అన్నదే దించుకున్నాను. తెలుగువాళ్లకు మాత్రం అది తిరగబడింది. నమ్మొద్దన్నదే మనకు పనికొచ్చింది. అక్షరాలను కలిపి పేర్చే కొత్త పద్ధతి 2017 నాటి 1.5.3లో వచ్చింది. అందులో పెద్ద చెయ్యి ఒమన్ దేశపు బృందానిది. వాళ్లు అరబిక్ కోసం చేసుకున్న పనే మన ఒత్తులనూ గుణింతాలనూ నిలబెట్టింది. ఒమన్‌లో ఎవరో కష్టపడితే అయనావరంలో నా "స్త్రీ" కుదురుకుంది. 2024 జనవరి 1న 1.6.0 స్టేబుల్‌గా వచ్చేసింది కాబట్టి ఈరోజు కొత్తగా దించుకునేవాళ్లకు ఈ బాధ లేదు. పాత కంప్యూటర్‌లో ముందే ఉన్నదాన్ని వాడేవాళ్లు మాత్రం ముందు వెర్షన్ చూసుకోండి. ఇంకో సంగతి, కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు 1.4లో తెరుచుకోదు. ఇద్దరు కలిసి పనిచేస్తుంటే ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి.

ఆ తర్వాత అడిగే పద్ధతి మార్చుకున్నాను. అవతల ఉన్నవాళ్లకు తెలుగు రాదు. "ఒత్తు తప్పుగా పడింది" అంటే వాళ్లకు ఏం అర్థమవుతుంది? వాళ్ల కంటికి తప్పూ ఒప్పూ ఒకేలా ఉంటాయి. అందుకే రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టడం మొదలుపెట్టాను. ఒకటి లిబ్రేఆఫీస్‌లో సరిగ్గా పడిన మాట, రెండోది స్క్రైబస్‌లో తప్పుగా పడిన అదే మాట, తేడా ఉన్నచోట ఎర్ర సున్నా. ఇక 32 పేజీల ఫైలు మొత్తం ఎవరి మీదా పడేయను. దాని కాపీ తీసుకుని, ఒక పేజీ, ఒక ఫ్రేము (మ్యాటర్ పోసే పెట్టె), ఒక వాక్యం మిగిలేదాకా కోసుకుంటూ పోతాను. అప్పటికీ తప్పు కనిపిస్తుంటే అదే పంపుతాను. నిజం చెప్పాలంటే, సగం సార్లు కోస్తుండగానే జవాబు నాకే దొరుకుతుంది. ఒకసారి పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడుతున్నాయని గోల పెట్టబోయాను. కోసి చూస్తే, వరుసల ఎడం ఆటోమేటిక్‌లో ఉంది. దాన్ని ఫిక్స్‌డ్ చేసి, 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్లు ఇచ్చాను. సరిపోయింది.

పెన్‌డ్రైవ్ పీకేసిన కథ కూడా ఒకటుంది. సేవ్ అవుతుండగానే మా అబ్బాయి లాగేశాడు. ఫైలు తెరుచుకోలేదు. అప్పటికి పదకొండు పేజీలు పెట్టి ఉన్నాను, ఏడుపొక్కటే తక్కువ. చాట్‌లో అడిగితే "నోట్‌ప్యాడ్‌లో తెరవండి" అన్నారు. స్క్రైబస్ ఫైలు లోపల ఉండేది ఎక్స్‌ఎమ్‌ఎల్, అంటే మామూలు అక్షరాలే. తెరిస్తే గుర్తుల అడవి మధ్యలో నా తెలుగు వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి! చివర మాత్రం తెగిపోయి ఉంది. వ్యాసాలన్నీ ఏరుకుని కొత్త ఫైల్లో పెట్టుకున్నాను. యూనికోడ్, అంటే ఎక్కడ తెరిచినా తెలుగుగానే ఉండే పద్ధతి కాబట్టి బతికిపోయాను. అదే, ఇంగ్లిష్ అక్షరాలకు తెలుగు రూపం తొడిగే పాత అను ఫాంట్లతో కొట్టిన మ్యాటరైతే అక్కడ కనిపించేది ఇంగ్లిష్ అక్షరాల చెత్త.

అయితే అన్నిటికంటే పెద్ద సాయం కంప్యూటర్‌లోంచి రాలేదు.

2021లో ఒక సంచిక కవరు నాలుగు రంగుల్లో వేయించాం, ఒక్కో రంగు సిరాకు ఒక్కో ప్లేటు. ట్రిప్లికేన్‌లో ప్రెస్సు. ప్రింటయ్యాక చూస్తే వెనక కవరు మీద చిన్న అక్షరాలన్నీ మసకమసకగా ఉన్నాయి. అక్షరానికి ఒక పక్క గులాబీ గీత, ఇంకో పక్క నీలం గీత. పైగా సిరా ఆరక ఒక కాగితం మీది నలుపు ఇంకో కాగితం వెనక అంటుకుంది. ప్రెస్సువాళ్లు ఫైలు తప్పన్నారు, నేను మెషీన్ తప్పన్నాను. నా స్క్రీన్ మీద నిక్షేపంలా నల్లగానే ఉంది మరి.

ఆ ప్రెస్సులో ముప్పై ఏళ్లు పేజీలు పెట్టి మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు. గూడూరు వైపు మనిషి, నేను బాబాయ్ అంటాను. పొద్దున కాఫీ వేళకు ఇప్పటికీ వచ్చి కూర్చుంటారు. జేబులోంచి భూతద్దం తీసి, కవరు కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూశారు.

"అమ్మాయ్, ఇది నలుపు కాదు. నాలుగు ప్లేట్ల మీదా పడింది. నీ సాఫ్ట్‌వేర్‌లో ఈ రంగు పేరేంటి?"

"రిజిస్ట్రేషన్ అని ఉంది బాబాయ్. నల్లగా ఉందని అదే పెట్టాను."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "అది కటింగ్ గుర్తులకు వాడేదమ్మా! ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకోవడానికి. దాంతో అక్షరాలు కొడితే నాలుగు సిరాలూ ఒకేచోట పోసినట్టే. వెంట్రుకవాసి జరిగితే చాలు, ఇదిగో ఇలా రంగు బయటికొస్తుంది."

స్క్రైబస్ రంగుల జాబితాలో బ్లాక్ ఉంటుంది, రిచ్ బ్లాక్, కూల్ బ్లాక్, వార్మ్ బ్లాక్ ఉంటాయి, రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది. స్క్రీన్ మీద అన్నీ మనకు నలుపే. చదివే అక్షరాలకు వాడాల్సింది ఉత్త బ్లాక్. లోపలి పేజీల్లోనూ నేను రిజిస్ట్రేషనే వాడుతూ వచ్చాను, కానీ అవి ఒక్క రంగు ప్రింటు, ఒకటే ప్లేటు కాబట్టి అన్నాళ్లూ బయటపడలేదు. ఎడిట్ మెనూలో రంగులు మార్చే ఏర్పాటు ఉంది, ఫైలంతా ఒకేసారి మారిపోయింది. చాట్‌లో అడిగి ఉంటే నిమిషంలో చెప్పేవారు, కాదనను. కానీ ఏమని అడగాలి? నా దృష్టిలో అది మెషీన్ తప్పు.

బాబాయ్‌కి స్క్రైబస్ అసలు తెలియదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చెయ్యి తిరిగిన మనిషి. కానీ చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, వదలమన్నది ఆయనే, పేజీలు జంటలుగా కాకుండా విడివిడిగా ఇస్తే ఫారాల (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల) ప్రకారం ప్రెస్సులో వాళ్లే పేర్చుకుంటారని చెప్పిందీ ఆయనే. ఆ మాటలకు స్క్రైబస్‌లో బటన్ ఎక్కడుందో నేను వెతుక్కుంటాను. బ్లీడ్ డాక్యుమెంట్‌లో పెట్టినంత మాత్రాన సరిపోదు, పీడీఎఫ్ తీసేటప్పుడు అక్కడ కూడా టిక్ పెట్టాలి. ఇది మాత్రం ఒక సంచిక అంచులు తెల్లగా కత్తిరించి వచ్చాక నాకు నేనుగా నేర్చుకున్నది. ప్రెస్సుల కోసమే ఉన్న పీడీఎఫ్ రకం పీడీఎఫ్/ఎక్స్ కావాలంటే ముందు కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేయాలి, లేకపోతే దాన్ని ఎంచుకోనే ఇవ్వదు. దానికీ ఒక సాయంత్రం పోయింది.

రాసి పెట్టిన సాయం సంగతి అంత బాగాలేదు. పాఠాలు చాలావరకు 1.4 నాటివి. ఎఫ్2 నొక్కితే వచ్చే ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ భాగం తెరవండి అంటాయి. కొత్త వెర్షన్లలో అది అక్కడ ఉండదు, ఎఫ్3తో వచ్చే వేరే కిటికీలోకి మారింది. నాలాంటివాళ్లు నా కంప్యూటరే పాడైందా అని టెన్షన్ పడతారు. చాట్ గది కూడా 2021లో ఫ్రీనోడ్ నుంచి లిబెరాకు మారింది, పాత పాఠాల్లో పాత చిరునామానే ఉంటుంది. తెలుగులోనైతే నాకు పనికొచ్చిన పాఠం ఒక్కటీ దొరకలేదు. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోలేనివాళ్లకు ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం అనడం కొంచెం మోసమే.

దానికదే ఇచ్చే సాయం మాత్రం మెచ్చుకోవాలి. పీడీఎఫ్ తీసే ముందు ప్రీఫ్లైట్ వెరిఫయర్ అని ఒకటి తప్పులు పట్టి చూపిస్తుంది. ఫ్రేములో పట్టక మిగిలిపోయిన మ్యాటర్, తక్కువ రిజల్యూషన్ ఫొటోలు, ఫాంట్‌లో లేని అక్షరాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు సగం దాని దగ్గరే ఆగిపోతాయి. రూపాయి గుర్తు లేని ఫాంట్ వాడితే వర్డ్‌లా ఇంకో ఫాంట్‌లోంచి అరువు తెచ్చి అతికించదు, ఉత్త డబ్బా చూపించి ఊరుకుంటుంది. మొదట్లో చిరాకేసేది. ఇప్పుడు అదే నయమనిపిస్తోంది, ప్రెస్సుకు వెళ్లకముందే తెలిసిపోతుంది కదా.

సాఫ్ట్‌వేర్‌కు ఐదుకు మూడున్నర ఇస్తాను. చాట్‌లో మనుషులకు నాలుగు, అది కూడా ఓపికతో కూర్చోగలిగితేనే. పాఠాలకు రెండు. బాబాయ్‌కి మార్కులేసేంత దాన్ని కాను.

కోసేసిన ఆ ఒకటిన్నర మార్కులో సగం పట్టికలదే. 1.6కు వచ్చాక కూడా వాటితో పడలేకపోతున్నాను. ఉగాది సంచికకు దాతల జాబితా వచ్చింది, 114 పేర్లు. అడిగితే చాట్‌లోవాళ్లే "ట్యాబ్‌లు వాడుకోండి" అన్నారు. పేరు ఎడమకు, అంకె కుడికి, మధ్యలో చుక్కలు. 63వ పేరు దాకా వచ్చాను.