పర్లాకిమిడి వైపు వాళ్లకి హెచ్చరిక: ఆసుపత్రి నుంచి నష్టపరిహారం ఇప్పిస్తానని వచ్చేవాడికి కాగితాలు ఇవ్వకండి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మన తెలుగువాళ్లలో ఎవరికైనా ఆసుపత్రిలో అన్యాయం జరిగి ఉంటే ఇది పూర్తిగా చదవండి. ఆ మనిషి మీలో చాలామందికి తెలుసు. చేతిలో ఎప్పుడూ ప్లాస్టిక్ ఫోల్డరు, టీ కొట్టు దగ్గర మకాం, "డాక్టర్ల మీద కేసులన్నీ నేనే చూస్తాను" అని చెప్పుకుంటాడు. పేరు రాయను. మీకు తెలిసిపోతుంది.

సంగతి త్వరగా చెప్పేస్తాను. అమ్మకి పిత్తాశయంలో రాళ్లు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్, చేసి ఇంటికి పంపారు. ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఫోన్ చేసిన ప్రతిసారీ గ్యాసు మాత్ర వేసుకోమన్నారు తప్ప ఒక్కసారి తీసుకురమ్మనలేదు. చివరికి మేమే విశాఖ తీసుకెళ్లాం. పిత్తనాళం తెగి ఉందని, ఇంత ఆలస్యంగా తెచ్చారేమని అక్కడి డాక్టర్లు అడిగారు. నాళాన్ని పేగుకి కలిపి కుట్టారు. అమ్మ బతికింది. కానీ ఇప్పుడు బిందెడు నీళ్లు ఎత్తలేదు, పూర్వంలా పొలం వెళ్లలేదు. అప్పు అలాగే ఉంది.

అప్పుడు వచ్చాడు ఈ మనిషి. అమ్మని పిన్నీ అన్నాడు, మా ఇంట్లో భోజనం చేశాడు. కోర్టు ఫీజని, నిపుణుడి రిపోర్టని చెప్పి పన్నెండు వేలు తీసుకున్నాడు. విశాఖవాళ్లు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, స్కానులు, నర్సింగ్ హోం బిల్లులు, అన్నీ అసలు కాగితాలే కావాలన్నాడు. జిరాక్సులు కోర్టులో చెల్లవన్నాడు.

నేను రాయగడలో డ్యూటీలో ఉన్న రోజు చూసి అమ్మనీ తమ్ముడినీ నర్సింగ్ హోంకి తీసుకెళ్లాడు. మేనేజరు గదిలో అమ్మని బల్లకి ఇవతల కూర్చోబెట్టి, తను మాత్రం అవతల, మేనేజరు పక్క కుర్చీలో కూర్చున్నాడట. తమ్ముడు చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మా తరఫున మాట్లాడాల్సినవాడు ఎటువైపు కూర్చున్నాడో చూడండి! ఇంగ్లిషులో టైపు చేసిన కాగితం, కింద రెవెన్యూ స్టాంపు. "బిల్లు వాపసు ఇస్తున్నారు పిన్నీ, రసీదు మీద సంతకం పెట్టు" అన్నాడు. అమ్మ చదువు తెలుగులో, ఐదో తరగతి వరకే. మాది 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, ఆసుపత్రిలో ఇంగ్లిషు. ఇలాంటివాళ్ల వ్యాపారం నడిచేదే దీని మీద. అమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని స్టాంపు మీద సంతకం పెట్టింది. చివరి అక్షరం స్టాంపు దాటిపోతే, మేనేజరు ఇంకో స్టాంపు అంటించి మళ్లీ పెట్టించాడట.

తమ్ముడు ఫోన్ తీసి ఫొటో కొట్టబోతే ఈ మనిషి లేచి చెయ్యి పట్టుకున్నాడు. "నామీద నమ్మకం లేదేటి? ఫోన్ లోపల పెట్టు" అని అరిచాడు. ఆ తోపులాటలోనే ఒక ఫొటో పడింది. సగం మసక. కానీ ఒక వరుస స్పష్టంగా ఉంది: ఇది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, ఇకపై ఏ కోర్టుకీ, కమిషన్‌కీ, మెడికల్ కౌన్సిల్‌కీ వెళ్లను అని. రసీదు అన్నది ఇదీ. మేనేజరు అరవై వేలు లెక్కపెట్టాడు. అందులోంచి ఇరవై వేలు ఈ మనిషి అక్కడికక్కడే తన కమీషనని జేబులో వేసుకున్నాడు. మా అసలు కాగితాల ఫోల్డరు మేనేజరు సొరుగులోకి వెళ్లింది.

సాయంత్రం నేను ఫోన్ చేశాను. అడిగింది ఒక్కటే, ఎందుకు చెప్పలేదు అని. అతని జవాబు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

"మీ అమ్మ బతికే ఉంది కదా, ఇంకేటి కావాలి? చచ్చిపోతే వేరే లెక్క. బతికున్నోళ్లకి ఇంతకన్నా రాదు, ఒగ్గీ."

మా ఇంట్లో అన్నం తిన్న మనిషి అన్నమాట అది. అప్పటినుంచి దొరికిన ప్రతి కాగితం చదివాను, తెలిసిన వకీలుని అడిగాను. అతను చెప్పినవన్నీ అబద్ధాలే. మీ దగ్గర కూడా ఇవే చెబుతాడు కాబట్టి రాస్తున్నాను.

బతికున్నవాళ్లకి రాదా? 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత ప్రశాంత్ ధనంకా అనే ఇంజినీరింగ్ విద్యార్థికి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆయన తన కేసు తనే సుప్రీంకోర్టులో వాదించుకున్నారు. 2009లో కోర్టు కోటి రూపాయలు, పైన వడ్డీ ఇమ్మంది. ఇక ముందు పట్టే వైద్యానికి, మనిషి సాయానికి, పోయిన సంపాదనకి, పడ్డ బాధకి, అన్నిటికీ లెక్క కట్టారు. బతికున్న మనిషికి ఖర్చు రోజూ ఉంటుంది కాబట్టే అంత ఇచ్చారు. మా అమ్మకి కోటి వస్తుందని నేననడం లేదు. ఆపరేషన్‌లో నాళం తెగిన ప్రతిసారీ డాక్టరు నిర్లక్ష్యమే అని కూడా అనను, జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి జరుగుతుందని విశాఖ డాక్టరే చెప్పారు. కళ్లు పచ్చబడ్డాయని చెప్పినా పిలిచి చూడకపోవడం, పెద్దాసుపత్రికి పంపకపోవడం, మా ఫిర్యాదు దాని మీద.

కోర్టు ఫీజన్నాడు కదా, నష్టపరిహారం కోసం వెళ్లే చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. ఆసుపత్రికి మనం కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజే లేదు. సున్నా. మనం అడిగే నష్టపరిహారం ఎంతైనా సరే, చూసేది కట్టిన డబ్బునే. అలా కట్టింది యాభై లక్షల లోపైతే కేసు జిల్లా కమిషన్‌లోనే వేయాలి. ఆసుపత్రి ఎక్కడుంటే అక్కడే వేయాలన్నాడు, అదీ అబద్ధమే. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు. ఆసుపత్రి ఆంధ్రలో ఉన్నా మనం గజపతి జిల్లాలో వేసుకోవచ్చు, సరిహద్దు దాటి తిరగక్కర్లేదు. వకీలు లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు కూడా.

నిపుణుడి రిపోర్టు లేకపోతే కేసు నిలవదన్న మాట మీద 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అదీ మన తెలుగువాళ్ల కేసే. వి. కిషన్‌రావు గారు మలేరియా శాఖలోనే ఆఫీసరు. చలిజ్వరంతో ఆసుపత్రిలో చేర్చిన ఆయన భార్యకి మలేరియా వదిలేసి టైఫాయిడ్ మందులిచ్చారు, ఆమె చనిపోయింది. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని చెప్పి, జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) ఇచ్చిన రెండు లక్షల తీర్పుని కోర్టు నిలబెట్టింది. చిక్కు కేసుల్లో నిపుణుడు కావాల్సి రావొచ్చు. మా కేసులో రెండో ఆసుపత్రి డాక్టరు రాసిన సమ్మరీయే పెద్ద బలం. అందుకే దాని అసలు కాగితం ముందు లాక్కున్నాడు.

మెడికల్ కౌన్సిల్‌లో ఫిర్యాదు వేసి డబ్బు ఇప్పిస్తానని ఇంకొకరికి చెప్పాడట. కౌన్సిల్ డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు. మనకి డబ్బు ఇప్పించలేదు. పోలీసు కేసు వేరే దారి, అక్కడ ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి, నష్టపరిహారం కోసం వెళ్లే చోటు అది కాదు.

ఇంక సంతకం. సంతకం పెట్టేశారు, అయిపోయింది అని మా బంధువులు కూడా అన్నారు. అయిపోలేదు. బీమా కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది, మోసంతోనో, ఒత్తిడితోనో, అబద్ధం చెప్పో సెటిల్‌మెంట్ సంతకం తీసుకుంటే ఆ ఒక్క కాగితం చూసి వినియోగదారుడి ఫిర్యాదు కొట్టేయకూడదని. కానీ మోసం జరిగిందని మనమే చూపించాలి. మా దగ్గర ఆ మసక ఫొటో ఉంది, అమ్మకి ఇంగ్లిషు రాదని చెప్పే సాక్షులున్నారు. తమ్ముడి ఆ ఒక్క ఫొటో లేకపోతే ఆ కాగితంలో ఏముందో చూపించడానికి మాకు ఏ ఆధారమూ ఉండేది కాదు.

ఉచితంగా చేయించుకున్నవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. అందరికీ ఉచితంగా చేసే సర్కారు ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కానీ కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రైతే, ఆ ఉచితంవాళ్లకీ హక్కుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్లు. తప్పు తెలిసిన రోజు నుంచి లెక్క అని వాదించొచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకండి, ఆపరేషన్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఈ మనిషి ఇదిగో అదిగో అంటూ తిప్పుతూ ఈ గడువే తినేస్తాడు.

అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి. చదవలేని కాగితం మీద సంతకం అడిగితే ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటాం అనండి, ఇవ్వనంటే లేచి వచ్చేయండి. వకీలు కావాలనుకుంటే 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మేం ఆ మనిషి మీద పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం, కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఇప్పటికే మీ ఫోల్డరు అతని దగ్గర ఉంటే ఈ వారమే ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. ఇవ్వకపోతే వైద్యం చేసిన ఆసుపత్రికే రికార్డుల కోసం స్పీడ్ పోస్టులో దరఖాస్తు పంపి రసీదు దాచుకోండి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, 2002 నాటి వైద్యుల నిబంధనల్లో ఉంది ఇది. విశాఖ నుంచి అమ్మ సమ్మరీ మళ్లీ తెచ్చుకుంది మేం ఇలాగే.