వైజాగ్ ఆటోనగర్ లేతు షాపులో గేర్ బుష్‌లు చేయించా, షాపుకి 5కి 4 మార్కులు ఇస్తా

నా బండి అబార్త్ పుంటో, 1.4 లీటర్ టర్బో పెట్రోల్, 145 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్. ఇది స్పోర్ట్స్ కారేంటండీ హ్యాచ్‌బ్యాక్ కదా అనేవాళ్ళు ఓ ఆదివారం పొద్దున్నే 5 గంటలకి భీమిలి బీచ్ రోడ్డుకి నాతో రండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఏడాది నుంచి గేర్ లివర్ ఊడిపోయే పాలపన్నులా ఊగుతోంది. 3 అనుకుని వేస్తే 5 పడేది, రివర్స్ అయితే రెండుమూడు సార్లు బతిమాలాలి, ఓసారి హనుమంతవాక జంక్షన్‌లో 1 అనుకుని 3లో లాగించా, బండి టక్కున ఆఫ్, వెనక సిటీ బస్సోడి హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. ఒక గ్యారేజ్‌లో చూపిస్తే సింక్రోలు (గేర్లు సాఫీగా పడేలా లోపల ఉండే రింగులు) పోయాయి, గేర్‌బాక్స్ దింపాలన్నారు. ఇంకోచోట కేబుల్ సెట్టు మొత్తం మార్చాలి, పార్ట్ ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. సరే అని ఇంటికొచ్చేశా.

నిజానికి దీన్ని ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజన్ ఆఫ్ చేసి, బానెట్ ఎత్తి, మా తమ్ముడిని లోపల కూర్చోబెట్టి లివర్ అటూ ఇటూ కదపమన్నా. లివర్ నుంచి రెండు కేబుళ్ళు గేర్‌బాక్స్ దాకా వస్తాయి, ఒకటి ముందుకీ వెనక్కీ, ఒకటి పక్కలకి. వాటి చివర పిన్ను మీద కూర్చునే చిన్న ప్లాస్టిక్ బుష్, అంటే గొట్టం లాంటి ముక్క, ఉంటుంది. నా బండిలో కేబుల్ కదులుతోంది, పిన్ను మాత్రం కాసేపు ఆలోచించుకుని కదులుతోంది! అంటే ఆడేది అక్కడే. అక్కడ ఒక్క మిల్లీమీటర్ అరిగినా పైన నాబ్ దగ్గర అంతకు కొన్ని రెట్లు ఊగుతుంది. ఇన్నేళ్ళు ఇంజన్ వేడికి మగ్గిన ప్లాస్టిక్ కదా, అరగడంలో వింతేమీ లేదు, బయటికి తీస్తుంటే మరమరాల్లా పొడైపోయింది.

ఆ పొడీ ముక్కలూ కవర్‌లో వేసుకుని గాజువాక ఆటోనగర్‌లో ఓ లేతు షాపుకెళ్ళా. బోర్డు కూడా సరిగ్గా కనబడదు. మేస్త్రి గారికి అరవై దాటుంటాయి, ముక్క చూడగానే "ఏటి బాబూ, దీనికా గేర్‌బాక్సు దింపుతామన్నారు" అని నవ్వారు. నేను ఇత్తడితో చేసేయండి జన్మలో అరగదు అన్నా. ఆయన వద్దన్నారు, లోహం పెడితే గేర్‌బాక్స్ వణుకంతా చేతికొస్తుంది, పైగా పిన్ను అరుగుతుంది, బుష్షు అరిగితే మార్చుకోవచ్చు పిన్ను అరిగితే ఏం చేస్తావు అని. మరి నైలాన్? అది తేమ పీల్చి ఉబ్బుతుంది, మన వైజాగ్ గాలికి అస్సలు పనికిరాదట. చివరికి డెల్రిన్ రాడ్ తీశారు, అదీ ప్లాస్టిక్కే గానీ నీళ్ళు పెద్దగా పీల్చదు, గట్టిగానూ ఉంటుంది. పిన్నుకి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు) పెట్టి కొలిచి గంటలో రెండు బుష్‌లు, 600 రూపాయలు.

ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే మొదటి జత మరీ టైట్. బ్యాటరీ తీసి, ట్రే తీసి, చేతులు గీరుకుని బిగించాక చూస్తే లివర్ పక్కకి తోస్తే అక్కడే ఉండిపోతోంది, మధ్యకి తిరిగి రావట్లేదు. మళ్ళీ మొత్తం విప్పి మర్నాడు గాజువాక పరుగు. ఆయన ఏమీ అనుకోకుండా లోపల 0.1 మిల్లీమీటర్ తీసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. సిలికాన్ గ్రీజు రాసి, న్యూట్రల్‌లో పెట్టి కేబుల్ సెట్టింగ్ సరిచూసుకుని బిగించా.

ఇప్పుడు గేర్ మారుతుంటే టిక్ టిక్ మని తాళం పడినట్టు పడుతోంది. ఇంజన్‌ని 4,000 ఆర్‌పీఎం దాకా తిప్పి 2 నుంచి 3కి వేస్తే చెయ్యి దారి వెతుక్కోవడం లేదు. 3,000 దగ్గర నాబ్‌లో సన్నటి జివ్వుమనే వణుకు ఒకటి కొత్తగా వచ్చింది, మా ఆవిడకి తెలియలేదు గానీ నాకు తెలుస్తోంది, గట్టి బుష్ కదా, దానికి నేను రెడీగానే ఉన్నా.

బిల్లు గట్రా ఇవ్వరు, ఫోన్ ఎత్తరు, భోజనానికెళ్తే 3 దాకా రారు. వెళ్ళేవాళ్ళు అరిగిన బుష్ పారేయకుండా పట్టుకెళ్ళండి, వీలైతే బండే తీసుకెళ్ళి అక్కడే బిగించి చూసుకోండి, నాలా రెండుసార్లు తిరగక్కర్లేదు.