వేట ప్రణాళిక సేవ: నివేదికకు మూడు మార్కులు, ఫోనుకు తొమ్మిది

ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువును వేటాడే ట్యాగ్ (అనుమతి పత్రం) కోసం అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర లాటరీలో 14 ఏళ్ళు వరుసగా దరఖాస్తు పెట్టాక, ఈ మార్చిలో విసుగెత్తి ఒక వేట సలహా సంస్థకు 250 డాలర్లు కట్టాను. సంస్థ పేరు రాయను. నాకు ట్యాగ్ వచ్చిన యూనిట్ (వేట ప్రాంతం) పేరు అసలే రాయను. అది బయటపెట్టేంత వెర్రిదాన్నైతే ఇన్నేళ్ళు ఆగేదాన్ని కాదు. ఆ డబ్బుకు రెండు ముట్టాయి: 38 పేజీల నివేదిక ఒకటి, ట్యాగ్ తగిలితే 40 నిమిషాల ఫోను ఒకటి. రెండింటికీ కలిపి ఒకే మార్కు వేస్తే అన్యాయం జరుగుతుంది కాబట్టి పదికి ఇన్నని విడివిడిగా వేస్తున్నాను.

నేను పుట్టింది అప్పటి కర్నూలు జిల్లా నందికొట్కూరు దగ్గర. రోళ్ళపాడు కృష్ణ జింకలు మా వేరుశనగ చేలో పడితే నాన్న రేకు డబ్బా మోగిస్తూ పరుగెత్తేవారు. తరమడమే తప్ప వాటి మీద చెయ్యి వేయడానికి లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక అంతే. ట్యాగ్ తగిలిందని జూన్‌లో ఫోను చేసి చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇక్కడ దానివైపు రాయి విసిరినా పేచీయే కదా తల్లీ, అక్కడ చంపడానికి చీటీలు తీస్తారా?" అన్నారు. తీస్తారు నాన్నా, 14 ఏళ్ళు ఆగితే.

ప్రాంగ్‌హార్న్‌కు మన కృష్ణ జింకతో చుట్టరికం లేదు. చూపులో, పరుగులో మాత్రం అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. గంటకు 55 మైళ్ళ దాకా పరుగెత్తగలదు. కొమ్ము పైతొడుగును ఏటా రాల్చి మళ్ళీ పెంచుకుంటుంది. ఉండేది ఒరెగాన్ తూర్పున, నాలుగు వేల అడుగుల ఎత్తున పరుచుకున్న సేజ్ పొదల ఎడారిలో.

ఇక నివేదిక. మొదటి 20 పేజీలు లాటరీ లెక్కలు. ఒరెగాన్‌లో ట్యాగ్ తగలని ప్రతి ఏడాదికీ ఒక పాయింటు చేరుతుంది. ఈ ట్యాగుల్లో 75 శాతం, ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి వరుసగా వెళతాయి, మిగిలిన 25 శాతానికి పాయింట్లతో పని లేకుండా చీటీలు తీస్తారు. మొదటి కోరికగా రాసినది తగిలిందా, కూడబెట్టిన పాయింట్లన్నీ సున్నా. ఇదంతా రాష్ట్ర వన్యప్రాణి శాఖ తన సైటులో ఉచితంగా పెట్టినదే. ఏ యూనిట్‌లో ఏ పాయింటు దగ్గర ఎందరికి తగిలిందో పట్టికలు కూడా అక్కడే ఉన్నాయి. వీళ్ళు వాటికి రంగులు వేశారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. రంగులకు డబ్బు కట్టానన్నమాట.

అంతకంటే చికాకు పెట్టింది వాళ్ళ జోస్యం. "నిరుడు 12 పాయింట్లకు తగిలింది, మీ దగ్గర 9 ఉంటే మూడేళ్ళలో తగులుతుంది" అన్న ధోరణి. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో ఒక్క పూటైనా కూర్చున్న తెలుగువాళ్ళకు ఇందులో మోసం ఇట్టే తెలుస్తుంది. మనకు ఏటా ఒక పాయింటు పెరిగితే మన ముందున్నవాళ్ళకూ పెరుగుతుంది. ట్యాగులు మాత్రం పెరగవు. పైగా ఏళ్ళ తరబడి పాయింట్లు దాచుకుంటూ వేటకు దరఖాస్తే పెట్టనివాళ్ళు ఉంటారు. వాళ్ళలో కొందరు ఒక మే నెలలో ఒక్కసారిగా మన యూనిట్ మీద పడతారు. మూడేళ్ళు అన్నది ఆరేళ్ళవుతుంది. నా 14 పాయింట్లకు నేను ఎంచుకున్న చోట ఎలాగూ తగిలేది, ఆ సంగతి పట్టిక చూసి నేనే చెప్పగలను. ఇప్పుడు నా ఖాతాలో సున్నా. మళ్ళీ ఇంతే ఆగాలంటే నాకు 62 వస్తాయి.

తర్వాత ఇతర రాష్ట్రాలవారి కోటా మీద నాలుగు పేజీలు. నేను ఒరెగాన్‌లోనే, హిల్స్‌బరోలో ఇల్లు కట్టుకుని ఉన్నానని వాళ్ళకిచ్చిన దరఖాస్తులోనే రాశాను. సామాన్ల జాబితా మూడు పేజీలు: రైఫిళ్ళు, బైనాక్యులర్లు, బూట్లు, ప్రతిదానికీ ఏదో ఒక దుకాణం లింకు. ఐసు మాట చిట్టచివరి వరుసలో, "ఐసు (తగినంత)" అని.

మనవాళ్ళకు నిజంగా పనికొచ్చే విషయం ఒక్కటి అందులో లేదు, కాబట్టి నేనే చెబుతాను. వర్క్ వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారి సంగతి వేరు. స్నేహితుడి రైఫిల్ సరదాగా పట్టుకునే ముందే ఒక లాయరును అడగండి.

నివేదికకు మూడు మార్కులు. ఆ మూడూ కాగితం నాణ్యతకే అనుకోండి.

ఫోను కథ వేరు. జూన్ చివర ఒక సాయంత్రం ఆ సంస్థ తరఫున ఒక పెద్దాయన మాట్లాడారు. గొంతును బట్టి డెబ్బై దాటి ఉంటాయి. రైఫిల్ ఏమిటని గానీ, ఎంత దూరం కొట్టగలనని గానీ అడగలేదు. "ఐసు పెట్టెలు ఎన్ని ఉన్నాయి?" ఇదీ ఆయన మొదటి ప్రశ్న. ఒకటి అన్నాను. "రెండోది కొనండి. ఆగస్టు ఎండలో చర్మం వెంటనే ఒలిచి మాంసాన్ని చల్లబరచకపోతే 14 ఏళ్ళు మధ్యాహ్నానికల్లా పాడైపోతాయి" అన్నారు.

రెండో ప్రశ్న, నివేదికలోని పటం చూశారా అని. అందులో నీళ్ళ గుంటలని 14 నీలి చుక్కలున్నాయి. "వాటిని మర్చిపోండి. ఆవులు ఎక్కడున్నాయో కనుక్కోండి" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఓపికగా చెప్పారు. అక్కడి నేల అధిక భాగం బీఎల్ఎం అనే ఫెడరల్ సంస్థ చేతిలో ఉంది. పశువుల రైతులు దాన్ని మేతకు తీసుకుని మందలను ఒక బీడు నుంచి ఇంకో బీడుకు మారుస్తుంటారు. మంద ఉన్నన్నాళ్ళే తొట్టెలకు పంపు నడుస్తుంది. మంద కదిలాక పంపు ఆపేస్తే తొట్టె ఎండుతుంది, దాని చుట్టూ తిరిగే ప్రాంగ్‌హార్న్‌లు కూడా కదులుతాయి. ఆగస్టులో మంద ఏ బీడులో ఉంటుందో తెలిస్తే సగం వేట తెలిసినట్టే.

మర్నాడే ఒరెగాన్ తూర్పున బర్న్స్ ఊరి పక్కన హైన్స్‌లో ఉన్న బీఎల్ఎం కార్యాలయానికి ఫోను చేశాను. మేత సంగతులు చూసే ఆమె పది నిమిషాల్లో రెండు బీడుల పేర్లు చెప్పి, దారి కూడా వివరించింది. ఆమె పైసా తీసుకోలేదు. కానీ ఆ ప్రశ్న అడగాలని నాకు 14 ఏళ్ళలో తట్టలేదు కదా. నేను డబ్బు కట్టింది ఆ ప్రశ్నకే.

జూలై రెండో వారంలో చూసి రావడానికి వెళ్ళాను. మా ఇంటి నుంచి బర్న్స్ సుమారు 300 మైళ్ళు. అది దాటాక పెట్రోలు దొరికే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 14 చుక్కల్లో తొమ్మిదింటి దగ్గరికి పోయాను, ఏడు ఎండిపోయి ఉన్నాయి. ఒక గుంటలో బురద పెంకుల్లా పగిలి అంచులు పైకి లేచింది. ఒక పెంకు చేతిలోకి తీసుకుంటే చీలిన గిట్టల గుర్తు అచ్చు పోసినట్టు ఉంది. వెనక రెండు చిన్న చుక్కలు లేవు. పెద్దాయన చెప్పిన గుర్తే అది: మెత్తటి బురదలో మ్యూల్ డీర్ అనే అక్కడి జింక నడిస్తే వెనకనున్న చిన్న గిట్టలు కూడా పడతాయి, ప్రాంగ్‌హార్న్‌కు ఆ గిట్టలే లేవు.

ఆయన చెప్పిన ఇంకో గుర్తు కంచె. ఈ జంతువు కంచె దూకడానికి ఇష్టపడదు, కింది తీగ కింద నుంచి దూరిపోతుంది. హైన్స్ ఆమె చెప్పిన రెండో బీడులో ఒక కంచె వెంట అర మైలు నడిచాను. ఒకచోట కింది తీగ పక్కన నేల నున్నగా అరిగి ఉంది, తీగకు తెల్లటి వెంట్రుకల కుచ్చు. వేళ్ళ మధ్య వంచితే ఎండుగడ్డిలా పుటుక్కున విరిగింది, లోపల డొల్ల. అక్కడి నుంచి 300 గజాల్లో తొట్టె, తొట్టె నిండా నీళ్ళు, చుట్టూ నల్ల ఆవులు. సాయంత్రం ఆరు దాటాక తొమ్మిది ప్రాంగ్‌హార్న్‌లు వచ్చాయి, వాటిలో మగవి రెండు.

పెద్దాయన తప్పు చెప్పింది ఒక్కటే, అదీ నా విషయంలో. వాన పడితే ఆ దారుల బంకమట్టి ఎలా ఉంటుందో నేను ఊహించలేనన్నారు. నంద్యాల నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడితే తోసినదాన్ని అని చెప్పాను. నల్లరేగడి అంటే ఏమిటో ఆయనకు చెప్పడానికి నా 40 నిమిషాల్లో మూడు పోయాయి. ఫోనుకు పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు తగ్గింది ఆ మూడు నిమిషాలకు కాదు. రెండో ఫోను కావాలంటే మళ్ళీ మొత్తం 250 కట్టి ఆ రంగుల పట్టికలు కూడా కొనాల్సిందే. ఫోను ఒక్కటే 100కు అమ్మితే నేను ఈ రోజే కడతాను. ఆ మాట సంస్థకు రాశాను, ఇంకా జవాబు రాలేదు.

రెండో ఐసు పెట్టె నిన్న వచ్చింది. మా ఆయన శాకాహారి. ఫ్రిజ్‌లో కింది అర దాకా ఒప్పుకున్నారు, పై అరలు పెరుగువి. గ్యారేజీలో పెట్టె మూత ఎత్తి చూసి, "చవితి పందిరి దగ్గర మజ్జిగ పంచడానికి బాగుంటుంది, ఈలోగా ఇందులో ఇంకేమీ పెట్టకపోతే" అన్నారు.